మార్ఫిన్ మాత్ర ఇంట్లో ఎలా ఇవ్వాలి

క్యాన్సర్ నొప్పికి డాక్టర్ మార్ఫిన్ రాశారంటే పేషెంట్ కంటే ఇంట్లోవాళ్లకే ఎక్కువ టెన్షన్. "మత్తుమందంట కదా సిస్టర్, అలవాటైపోతే?" తిరుపతిలో ఇళ్లకెళ్లి పేషెంట్లను చూసే నర్సుని నేను. కొర్లగుంట అయినా రేణిగుంట అయినా, గడప దాటగానే అడిగేది ఇదే.

ముందు అది చేసే పని తెలుసుకోండి. గడ్డ ఉన్న చోటి నుంచి నొప్పి కబురు నరాల వెంట వెన్నుపాముకు, అక్కడి నుంచి మెదడుకు పోతుంది. ఆ దారిలో ఓపియాయిడ్ రిసెప్టర్లు, అంటే నొప్పిని తగ్గించే పదార్థాలు అతుక్కునే చోట్లు, ఉంటాయి. మన ఒంట్లో సహజంగా ఊరే ఎండార్ఫిన్లు వాటికి అతుక్కునే నొప్పిని తగ్గిస్తాయి. మార్ఫిన్ కూడా అక్కడే అతుక్కుని కబురును అణుస్తుంది. గడ్డ కరగదు, నొప్పి తెలియడం తగ్గుతుంది. ఇవే రిసెప్టర్లు పేగుల్లోనూ, ఊపిరిని నడిపే మెదడు భాగంలోనూ ఉన్నాయి. అందుకే కింద చెప్పే ఇబ్బందులు.

మామూలు మార్ఫిన్ మాత్ర సుమారు 4 గంటలు పనిచేస్తుంది. కాబట్టి ఉదయం 6, 10, మధ్యాహ్నం 2, సాయంత్రం 6, రాత్రి 10. అర్ధరాత్రి లేపకుండా రాత్రి 10కి చాలామంది డాక్టర్లు రెట్టింపు రాస్తారు. చీటీలో ఉంటేనే ఇవ్వండి, మీరుగా పెంచొద్దు. "ఇప్పుడు బాగానే ఉండాడు కదా, ఈ పూట ఎందుకులే" అని ఆపితే సాయంత్రానికి నొప్పి ముదిరిపోయి, మళ్లీ అదుపులోకి తేవడం కష్టమవుతుంది. నొప్పి లేనిది మాత్ర పనిచేస్తున్నందుకే.

గోడకు టీటీడీ క్యాలెండర్ ఉంటుంది కదా, మాత్ర మింగించగానే ఆ తేదీ గడిలో టైము రాయండి. పగలు కోడలు, రాత్రి కొడుకు చూసుకునే ఇళ్లలో ఇది లేకపోతే ఒకే డోసు రెండుసార్లు పడుతుంది. పక్కనే నొప్పి పదికి ఎంతో పేషెంట్‌నే అడిగి రాయండి. మధ్యలో నొప్పి పొడుచుకొస్తే డాక్టర్ రాసిన అదనపు డోసు ఇవ్వండి. దాని తర్వాత రావాల్సిన మామూలు డోసును మాత్రం ఆలస్యం చేయొద్దు, దాని టైముకే ఇవ్వండి. అదనపు డోసు రోజూ పదేపదే కావాల్సి వస్తుంటే ఆ క్యాలెండరే డాక్టర్‌కు చూపించండి.

ఇక మలబద్ధకం. అందరూ తేలిగ్గా తీసుకునేది ఇదే, అందరినీ ఏడిపించేదీ ఇదే. వాంతి, మగత సాధారణంగా కొన్ని రోజుల్లో సర్దుకుంటాయి. ఇది మాత్రం మార్ఫిన్ వాడినన్నాళ్లూ ఉంటుంది. ఆకుకూర, అరటిపండు చాలవు. బిసాకోడిల్, సెన్నా లాంటి విరేచనం మాత్ర మొదటి రోజు నుంచే మార్ఫిన్‌తో పాటు వాడాలి. చీటీలో లేకపోతే అడిగి రాయించుకోండి. నీళ్లు సరిగా తాగలేని మనిషికి ఇసబ్గోల్ ఇవ్వకండి, లోపల గట్టిపడి ఇంకా బిగుస్తుంది. మూడు రోజులు అవ్వకపోతే ఫోన్ చేయండి.

తట్టి పిలిచినా లేవకపోవడం, ఊపిరి బాగా నెమ్మదించడం, కంటిపాపలు సూదిమొనంత అవ్వడం: ఇవి ప్రమాద సూచనలు. తర్వాతి డోసు ఆపి వెంటనే 108కి చేయండి. కిడ్నీ జబ్బుంటే మందు ఒంట్లో పేరుకుంటుంది, ముందే డాక్టర్‌కు చెప్పాలి. మద్యం అసలు వద్దు, నిద్రమాత్రలు డాక్టర్ రాయకుండా వద్దు.

అలవాటు భయం సంగతి. నొప్పి కోసం డాక్టర్ లెక్క ప్రకారం వాడే పేషెంట్ మందు కోసం వెంపర్లాడటం అరుదు. ఒక్కసారిగా ఆపేస్తే చెమటలు, వణుకు, విరేచనాలు వస్తాయి. అది ఒళ్లు మందుకు సర్దుకున్న గుర్తు, వ్యసనం కాదు. ఆపాలన్నా డాక్టరే మెల్లగా తగ్గిస్తారు.

ఇది ప్రతి మెడికల్ షాపులో దొరకదు. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టాన్ని 2014లో సవరించాక, గుర్తింపు పొందిన వైద్యసంస్థలు దీన్ని నిల్వ ఉంచి ఇస్తున్నాయి. స్ట్రిప్ చివరికొచ్చేదాకా ఆగకండి, ముఖ్యంగా బ్రహ్మోత్సవాల ముందు. ఆ జనంలో ఆసుపత్రికి చేరేసరికి రెండు డోసుల టైము దాటిపోతుంది.

మాత్రలు పిల్లలకు అందకుండా బీరువాలో పెట్టి తాళం వేయండి. మిగిలితే పక్కింటి పెద్దాయన మోకాళ్ల నొప్పికి ఇచ్చే ధర్మం మాత్రం చేయకండి. తెచ్చిన ఆసుపత్రిలోనే లెక్కపెట్టి తిరిగి ఇచ్చేయండి.