చవక ఇంపోర్టెడ్ పెల్లెట్లు వాడితే ఎయిర్ రైఫిల్ పాడవుతుందా? రేటు పడిపోతుందా? (సమస్య - పరిష్కారం)

వైజాగ్‌లో పిల్లల్ని పది మీటర్ల ఎయిర్ రైఫిల్‌లో చేర్పించిన తల్లిదండ్రులు కొన్నాళ్లకు తప్పకుండా అడిగే ప్రశ్న ఇది. "సార్, జర్మనీ పెల్లెట్ల డబ్బా కొనలేకపోతున్నాం. ఆన్‌లైన్‌లో చైనా డబ్బా చాలా తక్కువకే వస్తోంది. అవి వాడితే బ్యారెల్ అరిగిపోతుందా? రేపు అమ్ముదామంటే ఎవరూ కొనరా?"

పెల్లెట్ అంటే ఎయిర్ రైఫిల్ కాల్చే చిన్న గుండు. అది మామూలు సీసంతో చేసినదైతే బ్యారెల్‌కు ఏమీ కాదు. సీసం గోటితో గీస్తే గీత పడేంత మెత్తన, బ్యారెల్ ఉక్కు. లక్షల షాట్లు కొట్టిన మ్యాచ్ బ్యారెళ్లు ఇంకా బాగానే పనిచేస్తున్నాయి. అమెరికాలో చవక రష్యన్ తూటాల గురించి జరిగే వాదన వేరే సంగతి. అక్కడ తూటా పైతొడుగులోనే ఉక్కు ఉంటుంది, పైన రాగి పూత మాత్రమే. దాని వెనక మందు మండుతుంది, ఆ వేడికి, రాపిడికి బ్యారెల్ త్వరగా అరుగుతుంది. మన ఎయిర్ రైఫిల్లో మంటే లేదు. అందుకే ఆ భయాన్ని ఇక్కడికి మోసుకురావద్దు.

అలాగని చవక డబ్బాలన్నీ మంచివేనని అనను. కొన్ని నిజంగానే రైఫిల్‌ను పాడుచేస్తాయి. ఏది ఎందుకు పాడుచేస్తుందో లక్షణాన్ని బట్టి చూద్దాం.

గ్రూప్ చెదురుతోంది, మధ్యలో ఒక షాట్ ఎటో పోతోంది

గ్రూప్ అంటే కార్డు మీద షాట్లన్నీ పడిన గుంపు. ఎక్కువమంది వచ్చేది ఈ ఫిర్యాదుతోనే. నాలుగు షాట్లు ఒకేచోట పడతాయి, అయిదోది ఎనిమిదిలోకి పోతుంది. పిల్ల ఏడుపు మొహం పెడుతుంది, ఇంట్లోవాళ్లు ప్రాక్టీస్ చాలదంటారు. ముందు పెల్లెట్లు చూడండి.

తెల్ల కాగితం మీద గుప్పెడు పెల్లెట్లు పోసి, ట్యూబ్‌లైట్ కింద భూతద్దంతో వెనక అంచు చూడండి. ఆ అంచును స్కర్ట్ అంటారు. గాలి ఒత్తిడికి అది విచ్చుకుని బ్యారెల్‌కు అతుక్కోవాలి. చవక డబ్బాలో కొన్ని స్కర్టులు కోడిగుడ్డు ఆకారంలో నొక్కుకుపోయి ఉంటాయి, కొన్నిటికి అచ్చు దగ్గర మిగిలిన సన్నటి సీసపు పొర వేలాడుతుంటుంది. అలాంటి పెల్లెట్‌కు ఒకవైపునుంచి గాలి ముందే తప్పించుకుంటుంది. బ్యారెల్ దాటగానే అది పక్కకు లాగుతుంది. ఇక బరువు. మ్యాచ్ పెల్లెట్ దాదాపు 0.53 గ్రాములు ఉంటుంది. నగల తూకం మీద పెడితే మంచి డబ్బాలో తేడా దాదాపు కనిపించదు, నాసిరకం డబ్బాలో ఒక్కొక్కటీ ఒక్కో బరువు చూపిస్తుంది. పది మీటర్ల కార్డు మీద పది పాయింట్ల చుక్క అర మిల్లీమీటరు మాత్రమే. ఈ తేడాలు అక్కడే బయటపడతాయి.

పరిష్కారం: నొక్కుకుపోయినవి ఏరేయండి. మిగిలినవాటిని గాజు పలక మీద దొర్లిస్తే వంకరవి వాటంతట అవే తెలిసిపోతాయి. తర్వాత రైఫిల్‌ను బల్లమీద ఇసుక సంచిపై ఆనించి, ఒక్కో డబ్బాతో ఒక్కో కార్డు మీద అయిదేసి షాట్లు కొట్టి చూడండి. తల సైజు 4.49, 4.50, 4.51 అని డబ్బా మీద రాసి ఉంటుంది. ఏ సైజు ఏ బ్యారెల్‌కు పడుతుందో కొట్టి చూస్తేగాని తెలియదు. ఖరీదైన డబ్బా కంటే మధ్యరకం డబ్బా మంచి గ్రూప్ ఇచ్చిన రైఫిళ్లు ఉన్నాయి. ఏది పడిందో తెలిశాక రోజువారీ ప్రాక్టీసుకు చవకవి, మ్యాచ్‌కు, దానికి ముందు వారానికి మంచివి పెట్టుకోవచ్చు. జీరో (గురికి సైట్లను సరిచేసుకోవడం) మాత్రం మళ్లీ చూసుకోవాలి.

బ్యారెల్లోంచి బూడిద రంగు మడ్డి వస్తోంది

అది సీసం, దానిమీది నూనె కలిసిన మురికి. చవక డబ్బాల్లో సీసపు రజను ఎక్కువ కాబట్టి త్వరగా పేరుకుంటుంది. రైఫిల్‌కు హాని కాదు, గ్రూప్ మాత్రం వదులవుతుంది. అసలు హాని దాన్ని తీసే పద్ధతిలో ఉంది. ఇత్తడి బ్రష్ పెట్టి మూతివైపు (పెల్లెట్ బయటికొచ్చే చివర) నుంచి తోమేవాళ్లను చూశాను. మూతి చివరి అంచు చెడితే, దాన్ని బాగుచేయించేదాకా ఆ రైఫిల్ సూటిగా కొట్టదు. దానికి ఒక గీత చాలు.

తంగూసును మూతి నుంచి లోపలికి పంపి, వెనకవైపు మెత్తటి నూలు గుడ్డముక్క కట్టి, మూతివైపుకు నేరుగా లాగండి. అంచుకు రాసుకోకుండా లాగాలి. ముక్క శుభ్రంగా వచ్చేదాకా మార్చుతూ ఉండండి. శుభ్రం చేశాక మొదటి కొన్ని షాట్లు అటూఇటూ పోతాయి, కంగారు పడొద్దు. ఫెల్ట్ (నొక్కిన ఉన్ని) ముక్కలు పెట్టి కాల్చే పద్ధతి గాలిని ముందే సిలిండర్‌లో నింపుకునే రైఫిళ్లకే. స్ప్రింగ్ పిస్టన్‌ను తోసి గాలిని నొక్కే స్ప్రింగ్ రైఫిల్లో ఫెల్ట్ కాలిస్తే పెల్లెట్ లేకుండా ఖాళీగా కాల్చినట్టే, రైఫిల్ దెబ్బతింటుంది.

డబ్బాలో తెల్లపొడి

సముద్రపు తేమకు సీసం ఇలా అవుతుంది. పెదవాల్తేరు, బీచ్ రోడ్డు వైపు ఇళ్లలో ఇది త్వరగా వస్తుంది. కొత్త ప్లైవుడ్ అల్మరాలో పెడితే ఇంకా త్వరగా, ఆ చెక్కనుంచి వచ్చే ఆవిర్లకు సీసం తెల్లబడుతుంది. ఈ పొడి విషం. నోటితో ఊదకండి, పిల్లల చేతికి ఇవ్వకండి, ఆ డబ్బాను ఇక వాడకండి. కొత్తవాటిని మూత బిగుతుగా ఉన్న డబ్బాలో సిలికా జెల్ ప్యాకెట్‌తో పెట్టండి. పెల్లెట్లు ముట్టుకున్నాక చేతులు సబ్బుతో కడగనిదే ఏమీ తినకూడదు. ఈ విషయంలో నేను ఎవరికీ మినహాయింపు ఇవ్వను.

పెల్లెట్ అయస్కాంతానికి అంటుకుంటోంది

వెంటనే పక్కన పడేయండి. సీసం అంటుకోదు. అంటుకుందంటే అది రాగి పూత పూసిన ఉక్కు గోళీ, లేదా ఉక్కు మొన పెట్టిన పెల్లెట్. గోళీలు నున్నటి బ్యారెల్ ఉన్న బీబీ గన్లనే తుపాకుల కోసం చేసినవి. లోపల మెలి తిరిగిన గాడులు ఉన్న బ్యారెల్లో వేస్తే ఆ గాడులు చెడతాయి. పైగా ఉక్కు గోళీ గోడకు తగిలి వేగంగా కంటిమీదకు తిరిగి రావచ్చు. చవక అమ్మకాల్లో అన్నిటికంటే ఎక్కువ హాని చేసేది ఇదే, ఫ్రిజ్ మీద అంటించే అయస్కాంతంతో కొనేముందే తేల్చుకోవచ్చు.

స్ప్రింగ్ రైఫిల్ ఠపీమని పేలుతోంది, కాలిన నూనె వాసన

రెండు కారణాలు. మొదటిది నూనె. పెల్లెట్ మీదిదో, ఎవరో రైఫిల్ లోపల గాలి నొక్కుకునే గదిలో పోసిందో, ఒత్తిడికి వేడెక్కి అంటుకుంటుంది. గాలి కారకుండా పిస్టన్‌కు ఉండే సీలు కాలిపోతుంది. రెండోది మరీ తేలిక పెల్లెట్. ఎక్కువ స్పీడు అని ప్రచారం చేసే సీసం లేని మిశ్రలోహం పెల్లెట్లు 5 గ్రెయిన్ల (సుమారు 0.32 గ్రాముల) దగ్గర ఉంటాయి, మామూలువి 7.5 నుంచి 8.5 (సుమారు 0.49 నుంచి 0.55 గ్రాములు). పెల్లెట్ బరువు వల్లే ముందున్న గాలి పిస్టన్‌ను మెత్తగా ఆపుతుంది. తేలికది ముందే వెళ్లిపోతే పిస్టన్ నేరుగా ఆ గది చివరి గోడకు గుద్దుకుంటుంది. స్ప్రింగ్ విరుగుతుంది, సీలు చిట్లుతుంది.

సీసం పెల్లెట్లకు తిరిగి రండి, నూనె తుడిచిన పెల్లెట్లే వాడండి. వారం తర్వాత కూడా శబ్దం పోకపోతే సీలు మార్పించాల్సిందే.

రాత్రికి రాత్రి ప్రెజర్ దిగిపోతోంది

ఇది సిలిండర్ రైఫిళ్ల సమస్య, దీనికీ పెల్లెట్‌కూ సంబంధం లేదు. ఓ-రింగులు (గాలి కారకుండా ఉండే రబ్బరు వలయాలు) ఎండాయో, చేతిపంపుతో తేమగాలి వెళ్లిందో చూడాలి. జాయింట్ల దగ్గర సబ్బునీళ్లు రాస్తే బుడగలు చెబుతాయి. పంపుకు తేమ పట్టే ఫిల్టర్ పెట్టండి. మన ఊళ్లో ప్రతి వెల్డింగ్ షాపులోనూ ఆక్సిజన్ సిలిండర్ ఉంటుంది, ఎవరైనా "అందులోంచి నింపేద్దాం బాబూ" అంటే ఒప్పుకోవద్దు. ఆక్సిజన్, కాస్త నూనె మరక కలిస్తే సిలిండర్ పేలుతుంది. పొడిగాలి మాత్రమే.

అమ్ముదామంటే రేటు రావట్లేదు

ఒక తండ్రి రైఫిల్ తెచ్చి, "ఇన్నాళ్లూ ఖరీదైన పెల్లెట్లే వాడామండీ" అని గర్వంగా చెప్పారు. కొనడానికి వచ్చినాయన ఆ మాటే పట్టించుకోలేదు. సిలిండర్ తిప్పి తేదీ చూశాడు. మ్యాచ్ రైఫిళ్ల సిలిండర్లకు సాధారణంగా తయారీ నుంచి 10 ఏళ్ల గడువు, అది దాటితే పోటీలోకి రానివ్వరు. ఆ తర్వాత బ్యారెల్ కింద, ట్రిగ్గర్ గార్డ్ స్క్రూల చుట్టూ టార్చ్ వేసి చూశాడు. ఎర్రటి చుక్కలు కనిపించాయి. రేటు అక్కడే పడింది.

వైజాగ్‌లో రైఫిల్ ధరను తగ్గించేది ఉప్పుగాలే. నురగ ఉన్న కేసులో పెట్టి వానాకాలమంతా మూసి ఉంచితే నురగ తేమ పీల్చి ఇనుముకు అంటిస్తుంది. రేంజ్ నుంచి రాగానే కేసు తెరిచి, చెమట చేతులు పడిన ప్రతి లోహపు చోటా పొడిగుడ్డతో తుడిచి, పలచగా నూనె రాయండి. బ్యారెల్ లోపల, గాలి వెళ్లే దారిలో మాత్రం నూనె వద్దు. కేసులో సిలికా జెల్ పెట్టి, రంగు మారగానే మార్చండి.

మందు తూటాలు పేల్చే 0.22 రైఫిల్‌కు మారినవాళ్లకు రెండు మాటలు. అక్కడి తూటా కూడా మెత్తటి సీసమే, బ్యారెల్ దానివల్ల అరగదు. కానీ బ్రాండు మార్చినప్పుడల్లా బ్యారెల్లో ఉన్న పాత మైనం పోయి కొత్తది పట్టేదాకా గ్రూప్ కుదరదు. తూటా పేలకపోతే మూతి టార్గెట్ వైపే ఉంచి, కనీసం అర నిమిషం ఆగి అప్పుడు తెరవండి.

అమ్మేటప్పుడు బిల్లు, సీరియల్ నంబరు, అసలు సైట్లు, విడిభాగాలు, సిలిండర్ పత్రాలు అన్నీ ఒకచోట పెట్టండి. రైఫిల్‌తో కొట్టిన కార్డు ఒకటి, ఏ పెల్లెట్‌తో కొట్టారో రాసి జతచేయండి, కొనేవాడికి అంతకంటే నమ్మకం కలిగించేది లేదు. 0.177 అంగుళాల (4.5 మి.మీ.) బోరు, 20 జౌళ్ల లోపు శక్తి ఉన్న ఎయిర్ రైఫిల్‌కు లైసెన్స్ అక్కర్లేదు, అయినా కొన్నవాళ్ల గుర్తింపు కార్డు కాపీ తీసుకుని, అమ్మినట్టు ఇద్దరూ సంతకం చేసిన కాగితం దగ్గర ఉంచుకోండి. 0.22 అయితే లైసెన్స్ ఉన్నవాళ్లకే, నిబంధనల ప్రకారమే అమ్మాలి. మాట మీద చేతులు మార్చే వ్యవహారం అసలు వద్దు.