అద్దకం నీటి శుద్ధిలో కార్బన్ పొడి: ఎంత, ఎక్కడ, ఎలా వేయాలి

నూలు చిలపలకు రియాక్టివ్ రంగులు అద్దినప్పుడు రంగంతా దారానికి పట్టదు. రకాన్ని బట్టి పదో వంతు నుంచి మూడో వంతు దాకా, ఒక్కోసారి అంతకంటే ఎక్కువే, ఉప్పుతో సోడాతో కలిసి కాలువలో పడుతుంది. వీటిలో ఎక్కువ భాగం అజో రంగులు, అంటే రెండు నత్రజని పరమాణువుల బంధం (అజో బంధం) ఉన్నవి. గాలి ఊదే ఏరేషన్ ట్యాంకులోని సూక్ష్మజీవులు గంజిని, సబ్బును తింటాయి గానీ అజో బంధాన్ని తెంచడం వాటి వల్ల దాదాపు కాదు. అందుకే బీఓడీ (సూక్ష్మజీవులు తినగల మలినాల కొలత) తగ్గిన నీరు కూడా ఎర్రగానే బయటికి వస్తుంది.

ఈ లోటును పూడ్చడానికే యాక్టివేటెడ్ కార్బన్ (సన్న రంధ్రాలతో రంగును అంటించుకునే బొగ్గు) పొడిని ఏరేషన్ ట్యాంకులోనే కలుపుతారు. అమెరికాలో డ్యూపాంట్ కంపెనీ 1970లలో ఈ పద్ధతిని పెద్ద ఎత్తున వాడింది. నీరు ట్యాంకులో ఒక్క రోజే ఉంటుంది. కార్బన్‌కు అంటిన రంగు మాత్రం సూక్ష్మజీవుల బురద అయిన స్లడ్జ్‌తో పాటు ఇరవై రోజులు తిరుగుతుంది. సూక్ష్మజీవులకు దొరికే ఆ గడువే ఇందులోని బలం.

అయితే ఏరేషన్ ఒక్కటే ఉంటే రంగు నీటిలోంచి స్లడ్జ్‌లోకి మారుతుందే తప్ప విరగదు. ముందు గాలి ఊదని ట్యాంకు ఒకటి ఉండాలి. అజో బంధం తెగేది అక్కడే. కార్బన్ ఉపరితలం సూక్ష్మజీవుల నుంచి ఎలక్ట్రాన్లను అందుకుని రంగుకు చేరవేస్తుంది కాబట్టి ఆ పని ఇంకా వేగంగా జరుగుతుంది. బంధం తెగాక మిగిలే ఆరోమాటిక్ అమీన్లు విషపూరితం. వాటిని తర్వాతి ఏరేషన్‌లో విరగ్గొట్టాలి. క్లారిఫయర్ (స్లడ్జ్ కిందికి దిగి నీరు తేటపడే ట్యాంకు) నుంచి తిరిగి వచ్చే స్లడ్జ్‌ను గాలి లేని ట్యాంకులోకే పంపండి, కార్బన్ రెండు చోట్లా తిరుగుతుంది.

రోజుకు 50,000 లీటర్ల నీరు వచ్చే యూనిట్‌ను లెక్కకు తీసుకుందాం. వచ్చిన నీరంతా ముందు కలిసి సమమయ్యే ఈక్వలైజేషన్ ట్యాంకు కనీసం ఒక రోజు నీటికి సరిపడాలి, లేకపోతే ముదురు రంగు బ్యాచ్ వచ్చిన రోజు అంతా తలకిందులవుతుంది. అక్కడే ఆమ్లంతో పీహెచ్‌ను 7–7.5కి దించండి. నీరు 38 డిగ్రీల కంటే వేడిగా ఉండకూడదు. గాలి లేని ట్యాంకు 25 ఘనమీటర్లు, నెమ్మదిగా తిరిగే మిక్సర్‌తో. ఏరేషన్ ట్యాంకు 50 ఘనమీటర్లు, కరిగిన ఆక్సిజన్ లీటరుకు 2–3 మి.గ్రా.

కార్బన్ కొనేటప్పుడు అందరూ అయోడిన్ నంబరే అడుగుతారు. అది చిన్న రంధ్రాల లెక్క. రంగు అణువులు పెద్దవి, వాటికి మిథిలీన్ బ్లూ విలువ (ఆ రంగును కార్బన్ ఎంత పట్టుకుంటుందన్న లెక్క) చూడాలి. కొబ్బరి చిప్ప కార్బన్‌లో సన్న రంధ్రాలే ఎక్కువ, ఈ పనికి కట్టె నుంచి తీసిన రకమే నయం. ఏ రకమైనా మీ నీటితోనే పరీక్షించండి. పీహెచ్ సరిచేసిన నీరు ఒక్కో లీటరు చొప్పున ఐదు సీసాల్లో పోసి 0, 50, 100, 200, 500 మి.గ్రా. కార్బన్ వేయండి. ఒక రోజంతా కలియబెట్టి, వడకట్టి, తెల్ల కాగితం ముందు వరసగా పెట్టండి. ఏ సీసా తర్వాత తేడా కనబడడం ఆగిపోతుందో ఆ మోతాదుతో మొదలుపెట్టండి. ట్యాంకులో సూక్ష్మజీవుల సాయం కూడా ఉంటుంది కాబట్టి తర్వాత తగ్గించుకోవచ్చు.

లీటరుకు 100 మి.గ్రా. అనుకుంటే రోజుకు 5 కిలోలు. స్లడ్జ్ వయసు (ట్యాంకుల్లో స్లడ్జ్ సగటున ఉండే కాలం) 20 రోజులైతే ట్యాంకుల్లో నిలిచే కార్బన్ 100 కిలోలు. వయసు నిలవాలంటే మొత్తం 75 ఘనమీటర్లలో ఇరవయ్యో వంతు, అంటే 3.75 ఘనమీటర్ల ద్రవాన్ని ఏరేషన్ ట్యాంకు నుంచి రోజూ తీసేయాలి. స్లడ్జ్ తీయడం మానేసి కార్బన్ పోస్తూ పోతే క్లారిఫయర్ నిండిపోతుంది.

పొడిని ఎప్పుడూ పొడిగా చల్లకండి. 100 లీటర్ల నీటిలో 5 కిలోలు నానబెట్టి, ఏరేషన్ ట్యాంకులోకి రోజంతా సన్నగా వదలండి. ముందు స్లడ్జ్ బాగా పెరగాలి, ఆ తర్వాతే కార్బన్.

పోషకాలు మరవకండి. బీఓడీ లీటరుకు 300 మి.గ్రా. ఉంటే సూక్ష్మజీవులకు రోజుకు 15 కిలోల ఆహారం వచ్చినట్టు. దానికి డీఏపీ ముప్పావు కిలో, యూరియా సుమారు 1.35 కిలోలు సరిపోతాయి. ప్రింటింగ్ నీరు కూడా కలుస్తుంటే అందులో యూరియా ముందే ఉంటుంది. నత్రజని ఎక్కువైతే నైట్రేటుగా మారి గాలి లేని ట్యాంకుకు తిరిగొస్తుంది. సూక్ష్మజీవులు రంగును వదిలి దాని మీద పడతాయి, రంగు విరగడం ఆగిపోతుంది.

రోజూ ఒక లీటరు కొలజాడీలో ఏరేషన్ ద్రవం పట్టి అరగంట కదపకుండా ఉంచండి. నలుపు కలిసిన గోధుమ స్లడ్జ్ గట్టిగా కిందికి దిగి, పైన తేటనీరు నిలవాలి. పైన పొగలా బూడిదరంగు మసక తేలుతుంటే సన్న కార్బన్ స్లడ్జ్ ముద్దల్లో చిక్కలేదన్నమాట. రెండు రోజులు కార్బన్ ఆపి, క్లారిఫయర్‌కు ముందు కాటయానిక్ పాలీఎలక్ట్రోలైట్ (సన్న రేణువులను ముద్దగా కూర్చే మందు) లీటరుకు అర నుంచి ఒక మి.గ్రా. ఇవ్వండి. బ్లోయర్ చాలాసేపు ఆగితే కార్బన్ మూలల్లో పేరుకుంటుంది, కర్రతో గుచ్చి చూస్తే తెలుస్తుంది.

ఎంఎల్ఎస్ఎస్ (ట్యాంకు ద్రవంలో తేలే ఘనపదార్థాల కొలత, లీటరుకు మి.గ్రా.లలో) అంకెను నమ్మి మోసపోకండి. 4,000 వచ్చిందంటే అందులో 1,300 దాకా కార్బనే. సూక్ష్మజీవుల వాటా తెలుసుకోవడానికి 550 డిగ్రీల దగ్గర కాల్చి చూసినా కార్బన్ కూడా కాలిపోతుంది కాబట్టి ఆ అంకె కూడా ఎక్కువే చూపిస్తుంది.

టర్కాయిస్ బ్లూ అజో రంగు కాదు, ఈ ట్యాంకుల్లో విరగదు. కార్బన్‌కు అంటినంత మేరకే పోతుంది. నీటిలో కరగని వ్యాట్ రంగులను ముందే పటికతో దించేస్తే కార్బన్ మిగులుతుంది. ఉప్పును కార్బన్ ఏమీ చేయలేదు, టీడీఎస్‌కు (నీటిలో కరిగిన లవణాల కొలత) ఆర్‌ఓ వడపోత వేరే ఉండాల్సిందే.

తడిసిన కార్బన్ చుట్టూ ఉన్న గాలిలోని ఆక్సిజన్‌ను పీల్చేస్తుంది. కార్బన్ నిల్వ ఉన్న మూసిన ట్యాంకులోకి గాలి పంపకుండా, ఆక్సిజన్ కొలవకుండా, బయట కాపలా మనిషి లేకుండా ఎవరినీ దింపకండి. తీసిన స్లడ్జ్ పొలానికి ఎరువు కాదు. ఆరబెట్టి సంచులకెత్తి, దుండిగల్ లేదా పరవాడలో ఉన్నలాంటి హానికర వ్యర్థాల కేంద్రానికి పంపండి.