విరాళాల కోసం పడవ ప్రయాణం చేసి ఇల్లు చేరాక ఏం చేయాలి?

పడవ ఒడ్డెక్కగానే ముందు ఫోన్ అందుకోండి. మీ ప్రయాణ వివరాలు ఎవరికి ఇచ్చి బయల్దేరారో, తీరరక్షక దళమైనా, మీ కోసం కాచుకుని కూర్చున్న స్నేహితులైనా, వాళ్ళకు ‘క్షేమంగా దిగాం’ అని చెప్పండి. ఆ కబురు అందకపోతే మీరు ఇంట్లో నిద్రపోతుంటే వాళ్ళు నీళ్ళలో వెతుకుతారు. 406 మెగాహెర్ట్జ్ ఎమర్జెన్సీ బీకన్ (ఆపదలో మీట నొక్కితే సాయం కోరుతూ సంకేతం పంపే చిన్న పరికరం) ఉంటే దాన్ని సామాను అడుగున కుక్కకండి. ఒత్తిడికి మీట నొక్కుకుపోతే ఆపద సంకేతం నేరుగా ఉపగ్రహాలకు వెళ్తుంది. అలా జరిగితే వెంటనే ఆపేసి రెస్క్యూ కేంద్రానికి ఫోన్ చేయాలి. మనం చెప్పేదాకా వాళ్ళు అది నిజమైన ఆపదేననుకుంటారు.

నేను తెడ్డు వేసింది పిల్లల డయాలసిస్ ఖర్చుల కోసం. బయల్దేరే ముందు ఏం చేయాలో చెప్పినవాళ్ళు చాలామంది ఉన్నారు. తిరిగొచ్చాక ఏం చేయాలో చెప్పినవాళ్ళు తక్కువ. నా దృష్టిలో దిగిన తర్వాతి నెల కూడా ప్రయాణంలో భాగమే.

మొదటి రాత్రి మంచం ఊగుతున్నట్టు ఉంటుంది. కంగారు పడకండి. అలలకు అలవాటు పడిన మెదడు నేల కదలదన్న సంగతిని మళ్ళీ నేర్చుకుంటోంది. చాలామందికి ఒకటి రెండు రోజుల్లో సర్దుకుంటుంది. అప్పటిదాకా డ్రైవింగ్ వద్దు. స్నానం చేస్తూ కళ్ళు మూసుకున్నప్పుడు ఒక చెయ్యి గోడకు ఆనించి ఉంచండి, ఎక్కువగా తూలేది అప్పుడే. ఊగడం నెల దాటినా తగ్గకపోతే డాక్టరుకు చూపించాలి.

భుజాల నొప్పి అందరూ ఊహించేదే. నన్ను ఎక్కువగా ఇబ్బంది పెట్టింది మణికట్టు. బొటనవేలి వైపు వాచి, చెయ్యి తిప్పినప్పుడు కిరకిరమంటుంటే స్నాయువు మీది పొర వాచిందని అర్థం. దానికి విశ్రాంతే మందు, మాలిష్ కాదు. చిటికెనవేలు రెండు వారాలైనా తిమ్మిరిగానే ఉంటే నరం నలిగిందేమో చూపించుకోండి. రోజంతా తడిలో నానిన పాదాలను వేడి నీళ్ళలో పెట్టొద్దు, గట్టిగా రుద్దొద్దు. తుడిచి, గాలికి ఆరబెట్టి, పొడి మేజోళ్ళు వేసుకోండి. అరచేతుల్లో కాసిన కాయలను బ్లేడుతో కొయ్యకండి. కాళ్ళు రోజుల తరబడి చాపి కూర్చుని ఉంటాయి కాబట్టి నడక కొద్దికొద్దిగా పెంచాలి.

అన్నిటికన్నా గట్టిగా చెప్పాల్సింది జ్వరం గురించి. మంచినీటి నదుల్లో, కాలువల్లో తిరిగినవారికి లెప్టోస్పైరోసిస్ రావచ్చు. ఎలుకలు, పశువుల మూత్రం కలిసిన నీళ్ళు చేతి మీది పుండులోంచో, కళ్ళలోంచో ఒంట్లోకి చేరితే ఈ జబ్బు వస్తుంది. బొబ్బలు పగిలిన చేతులతో తెడ్డు పట్టినవాళ్ళకు ఇది ఎంత సులువో ఆలోచించండి. లక్షణాలు 2 నుంచి 30 రోజుల్లోపు ఎప్పుడైనా కనబడవచ్చు. అప్పటికి మనం ఆఫీసు పనిలో పడి నదిని మరిచిపోయి ఉంటాం. జ్వరం, తలనొప్పి, పిక్కల్లో నొప్పి, ఎర్రబడిన కళ్ళు కనబడితే మామూలు ఫ్లూ అనుకుని పడుకోకండి. డాక్టరు దగ్గర మొదటి మాటగా ‘ఫలానా రోజుల్లో నదిలో పడవ నడిపాను’ అని చెప్పండి. ఆ ఒక్క వాక్యంతో డాక్టరు సరైన పరీక్ష వైపు వెళ్తారు. మొదట్లోనే గుర్తిస్తే యాంటీబయాటిక్స్‌తో బాగా నయమవుతుంది. ముదిరితే కిడ్నీలు, కాలేయం దెబ్బతింటాయి. ఇంట్లోవాళ్ళకు కూడా ఈ సంగతి చెప్పి ఉంచండి, జ్వరంలో మనకు గుర్తుకు రాకపోవచ్చు.

సామాను విప్పడం వాయిదా వేయొద్దు. పడవ, తెడ్లు, లైఫ్ జాకెట్, చెప్పులు అన్నీ వెతికి, అంటుకున్న నాచు, గవ్వలు, మట్టి తీసేసి, కడిగి, పూర్తిగా ఆరాక కనీసం ఇంకో 48 గంటలు పొడిగానే ఉంచండి. ఒక నీటిలోని జీవిని మరో నీటికి మోసుకెళ్ళకుండా ఉండడానికే ఇదంతా. రెండు ముక్కల తెడ్డును విడదీసే ఆరబెట్టాలి, లేకపోతే కీలు దగ్గర ఉప్పు, ఇసుక పట్టి బిగుసుకుపోతుంది.

ఇక డబ్బు. అలసట తీరాక చూద్దాం అనిపిస్తుంది కానీ ఇది ఆగే పని కాదు. కిలోమీటరుకు ఇంత ఇస్తామని మాట ఇచ్చినవాళ్ళకు మొదటి వారంలోనే అసలు దూరం చెప్పి, రావాల్సిన మొత్తం రాయండి. నెల దాటితే వాళ్ళ ఉత్సాహం చల్లారుతుంది, అడగడానికి మనకూ మొహమాటం వేస్తుంది. చేతికిచ్చిన నగదును పేరు, తేదీతో పుస్తకంలో ఎక్కించి అదే వారంలో జమ చేయండి. ప్రయాణ ఖర్చులు విరాళాల్లోంచి వాడితే ఎంత, దేనికి అన్నది దాతలకు కనబడేలా రాయాలి. అవి సొంత డబ్బైతే ఆ మాటా రాయాలి. విరాళాలు చేరాల్సిన సంస్థ నుంచి డబ్బు అందినట్టు రసీదు తీసుకుని, దాని కాపీతో ఒక్కొక్కరికీ పేరు పెట్టి కృతజ్ఞత చెప్పండి. చిన్న మొత్తం ఇచ్చినవాళ్ళతోనే నేను మొదలుపెట్టాను. వాళ్ళలో చాలామందికి ఆ మొత్తం చిన్నది కాదు.

ఇంట్లో మొదటి రెండు రోజులు మీ కథలు ఆపి వాళ్ళవి వినండి. మీరు లేనప్పుడు ఇల్లు నడిపింది వాళ్ళు. వారం తర్వాత ఏదో వెలితి, నీరసం, దేని మీదా మనసు నిలవకపోవడం చాలామందికి వస్తాయి. పొద్దున్నే లేచి ఆరుబయట నడవడం, తోటి పడవవాళ్ళతో మాట్లాడడం నాకు పనిచేశాయి. వారాలు గడిచినా తగ్గకపోతే కౌన్సెలింగ్‌కు వెళ్ళండి.

చేతులు నొప్పి లేకుండా తిరిగాక మళ్ళీ నీళ్ళలోకి దిగండి, మొదటిసారి గంటకు మించొద్దు. ఈసారి గుడారం, తిండి, నీళ్ళ బరువు ఉండవు కాబట్టి పడవ నీటిలో పైకి తేలుతుంది, ఎక్కువ ఊగుతుంది, గాలికి పక్కకు కొట్టుకుపోతుంది. గాలి లేని పూట చూసుకుని, ఒడ్డు దగ్గరగానే తిప్పండి.