తాగే బోరు నీళ్లలో పురుగుమందు: పొలాన్ని అనుమానించే ముందు బోరు మూతి చూడండి

నీళ్లలో పురుగుమందు ఉందని రిపోర్టు రాగానే అందరి చూపూ పొలాల వైపే పోతుంది. ఇన్నేళ్లుగా కొట్టిన మందంతా భూమిలోకి దిగిందని తేల్చేస్తారు. పక్క పొలం వాళ్లతో మాటలు ఆగిపోతాయి, ఇంకా లోతుగా కొత్త బోరు వేయించాలని లెక్కలు మొదలవుతాయి. ఉన్న బోరు మూతిని మాత్రం ఎవరూ వంగి చూడరు. నేను చూసిన వాటిలో చాలా బోర్లకు జవాబు కేసింగ్ (బోరులో దింపిన గొట్టం) పక్కనే దొరికింది. అందుకే ఈ మాట మళ్లీ మళ్లీ చెబుతున్నాను.

ముందు తాగడం ఆపండి

కారణం తేలేదాకా ఆ నీళ్లు తాగడానికీ వంటకూ వాడకండి. మరిగిస్తే మందు పోతుందని అనుకోవద్దు. ఎక్కువ మందులు అలా పోవు, పైగా నీరు ఆవిరై మిగిలినదాంట్లో వాటి మోతాదు పెరుగుతుంది. టీడీఎస్ మీటరు చూపేది లవణాలను, మందును కాదు. వాసన లేదన్న ధీమా కూడా పనికిరాదు. ఐరోపా సమాఖ్య తాగునీటిలో ఒక్కో మందుకు పెట్టిన హద్దు లీటరుకు 0.1 మైక్రోగ్రాము. ఆ లెక్కన ఒక్క గ్రాము అసలు మందు (డబ్బాలోని పనిచేసే రసాయనం) కోటి లీటర్ల నీటిని ఆ హద్దుకు చేర్చగలదు. అంత తక్కువ మోతాదును ముక్కు పసిగట్టలేదు.

రిపోర్టును నమ్మవచ్చా?

ఉదయం మందు కొట్టిన చేతులతోనే సాయంత్రం సీసా నింపితే రిపోర్టులో కనిపించేది బోరు కాదు, ఆ చేతులు. నమూనాకు ముదురు గోధుమ రంగు గాజు సీసా వాడండి, చల్లగా ఉంచి త్వరగా ల్యాబ్‌కు చేర్చండి. అక్కడే స్వేదనజలంతో మరో సీసా నింపి దానితో పాటు పంపండి. ఆ రెండో సీసాలోనూ మందు వస్తే తప్పు నమూనా తీయడంలోనే ఉంది.

"ఏమీ లేదు" అని వచ్చిన రిపోర్టునూ ఇలాగే నిలదీయాలి. చుట్టుపక్కల ఏ మందులు వాడుతున్నారో ల్యాబ్‌కు ముందే రాసి ఇవ్వండి. గ్లైఫోసేట్ లాంటి కలుపు మందులకు వేరే పరీక్ష కావాలి, మామూలు జాబితాలో చాలాసార్లు ఉండదు. అట్రజిన్ అనే కలుపు మందు వాడే చోట అది విరిగితే వచ్చే డీఇథైల్ అట్రజిన్‌ను కూడా అడగండి. అసలు మందు కనపడకుండా ఇదొక్కటే కనపడే బావులున్నాయి.

లక్షణం: మట్టిని దాటలేని మందు బోరులో కనపడింది

అన్ని మందులూ భూమిలోకి ఒకేలా దిగవు. కొన్ని మట్టిని పట్టుకుని పైపొరలోనే ఉండిపోతాయి, కొన్ని నీటితో పాటు జారిపోతాయి. దీన్ని అంచనా వేయడానికి 1989లో గుస్తాఫ్సన్ అనే శాస్త్రవేత్త ఒక సూచిక ఇచ్చారు. మందు మట్టిలో ఎన్ని రోజులకు సగమవుతుంది, మట్టికి ఎంత గట్టిగా అంటుకుంటుంది అనే రెండింటినీ కలిపి లెక్కిస్తారు. 2.8 దాటితే భూగర్భజలం దాకా దిగే రకం, 1.8 లోపు ఉంటే దిగని రకం. అట్రజిన్‌కు ఇది 3 దాటుతుంది. పురుగులకు కొట్టే క్లోర్‌పైరిఫాస్‌కు 1 కూడా రాదు.

అలాంటప్పుడు లోతైన బోరులో క్లోర్‌పైరిఫాస్ కనపడితే అది మట్టిలోంచి దిగి ఉండదు. వేరే దారి ఉంది. ఆ దారి చాలాసార్లు మీ బోరే.

ఈ విషయంలో నేనే ఒకసారి ఘోరంగా దెబ్బతిన్నాను. ఒక ఇంటి బోరులో క్లోర్‌పైరిఫాస్, అట్రజిన్ రెండూ వచ్చాయి. నేను పొలాలను పట్టుకున్నాను. చుట్టుపక్కల బావుల నమూనాలు తీయించాను, నేల వాలు గీశాను, నీటి మట్టాలు కొలిచాను. పక్క బావుల్లో క్లోర్‌పైరిఫాస్ లేదు. అది చూసైనా ఆగి ఆలోచించాల్సింది, ఆలోచించలేదు. ఒక పంట కాలమంతా ఆ ఇంటివాళ్లు దూరం నుంచి నీళ్లు మోసుకున్నారు.

చివరికి మందు కొట్టే రోజు పొద్దున్నే అక్కడికి వెళ్లాను. రెండు వందల లీటర్ల డ్రమ్ములో ముందే మందు పోసి ఉంది, బోరు నుంచి వచ్చే పైపు కొస డ్రమ్ము అడుగు దాకా మునిగి ఉంది. డ్రమ్ము నిండగానే మోటారు కట్టేశారు. పైపులో గుటగుటమని చప్పుడు వచ్చింది. పాలలా తెల్లగా ఉన్న నీళ్లు డ్రమ్ములో మెల్లగా దిగాయి, లోపలి గోడ మీద నాలుగు వేళ్ల మేర తెల్లటి చార మిగిలింది. "ఎప్పుడూ కొంచెం తగ్గుతుందండీ, నురగ అణిగి అనుకున్నాం" అన్నాడు ఆ ఇంటి పెద్ద. నాలుగు వేళ్లంటే ఆ డ్రమ్ములో దాదాపు 18 లీటర్లు. లీటరుకు అర గ్రాము అసలు మందు కలిపారనుకున్నా 9 గ్రాములు నేరుగా బోరులోకి వెళ్లినట్లు. అలా ప్రతి పిచికారీకీ.

జరిగేది ఇది. మోటారు ఆగగానే పైపులో నిలువునా ఉన్న నీరు బరువుకు కిందికి జారుతుంది. దాన్ని పట్టి ఉంచాల్సిన నాన్ రిటర్న్ వాల్వ్‌లో ఇసుక రేణువు ఇరుక్కున్నా చాలు, అది పూర్తిగా మూసుకోదు. జారే నీరు వెనక నుంచి లాగుతుంది. పైపు కొస గాలిలో ఉంటే గాలి లోపలికి పోతుంది, మందులో మునిగి ఉంటే మందు పోతుంది. డ్రిప్ పైపుల్లోకి మందు ఎక్కించే చోట కూడా ఇదే ప్రమాదం.

దీన్ని తేల్చడానికి ల్యాబ్ అక్కర్లేదు. శుభ్రమైన బకెట్ నిండా మంచినీళ్లు పోసి, ఏనాడూ మందు తగలని కొత్త పైపు బిగించి కొస అందులో ముంచండి. మోటారు వేసి ఆపండి, నీటి అంచు దగ్గర గీత గీయండి. గీత కన్నా నీరు కిందికి దిగితే వాల్వ్ పోయింది. మోటారు వేసిన ప్రతిసారీ నీళ్లు రావడానికి బాగా ఆలస్యమవుతోందంటే అదీ ఈ జబ్బు గుర్తే.

ల్యాబ్ రిపోర్టులోనూ దీనికి ఆనవాళ్లుంటాయి. ఒకే డ్రమ్ములో కలిపే మందులు జంటగా వస్తాయి. అసలు మందు ఎక్కువగా, విరిగిన పదార్థం తక్కువగా ఉంటుంది, మట్టిలో విరగడానికి దానికి సమయమే దొరకలేదు కనుక. ఎరువుల నుంచి మట్టిలోంచి దిగే నైట్రేట్ పెద్దగా పెరగదు.

ఇంకా గట్టిగా తేల్చాలంటే మూడు సీసాలు నింపండి: మోటారు వేసిన వెంటనే ఒకటి, బోరులోని నీరు మూడింతలు తోడాక ఒకటి, కొన్ని గంటల తర్వాత ఒకటి. 15 సెంటీమీటర్ల బోరులో 40 మీటర్ల నీరుంటే అది సుమారు 700 లీటర్లు, అంటే రెండో సీసా 2,100 లీటర్ల తర్వాత. మొదట ఎక్కువగా ఉండి తగ్గుతూ పోతే మందు బోరు దగ్గరే పడింది. తక్కువతో మొదలై పెరిగితే ఎక్కడో దూరం నుంచి లాగుతోంది. మూడింటిలో ఒకేలా ఉంటే చుట్టూ ఉన్న జలమే చెడింది.

పరిష్కారం: వాల్వ్ మార్చండి, కానీ దాని మీదే భరోసా పెట్టుకోకండి. పైపు కొస డ్రమ్ము అంచుకు పైనే ఉండాలి, కనీసం పైపు వ్యాసానికి రెండింతల ఎత్తున. దానికి ఒక కొక్కెం చాలు. మందు కలపడం, డ్రమ్ము కడగడం బోరుకు కనీసం 30 మీటర్ల దూరంలో, పల్లం వైపు పెట్టుకోండి. నీళ్లు అక్కడికి మోసుకెళ్లండి, మందు ఇక్కడికి తేకండి. ఇప్పటికే లోపల పడినదాన్ని తోడి పారబోయాలి, అదీ బోరు పక్కన కాదు, చెరువులోకో కాలువలోకో కాదు.

లక్షణం: వాన పడ్డాక నీళ్లు మసకబారుతాయి, మందు పెరుగుతుంది

కేసింగ్ పక్క సందులోంచి పైనీరు దిగుతోంది. కోలిఫాం (మురుగును పట్టించే బ్యాక్టీరియా) పరీక్ష కూడా చేయిస్తే చాలాసార్లు అదీ దొరుకుతుంది. కేసింగ్ చుట్టూ ఉన్న సందులో సిమెంటు గ్రౌట్ (పల్చటి సిమెంటు ముద్ద) నింపించి, పైన బయటికి వాలు ఉన్న గచ్చు వేయించండి. కేసింగ్ నేలకు ఒక అడుగైనా పైకి ఉండాలి, మూత బిగుతుగా ఉండాలి. మోటారు వైరు దూరే రంధ్రాన్ని కూడా మూయండి, దాన్ని అందరూ మర్చిపోతారు.

లక్షణం: చుట్టూ ఉన్న బావులన్నిటిలోనూ ఉంది, నైట్రేట్ కూడా ఎక్కువ

ఇప్పుడు పొలాలను అనుమానించండి. ఇసుక నేల, లోతు తక్కువ నీరు, జారే రకం కలుపు మందు కలిస్తే ఇలా అవుతుంది. విరిగిన పదార్థం అసలు మందుతో సమానంగానో ఎక్కువగానో ఉంటే, మందు మట్టిలో చాలా కాలం గడిపి వచ్చిందని అర్థం. మందు మార్చాల్సిందే, కానీ ఫలితం వెంటనే రాదు. జర్మనీ 1991లో అట్రజిన్‌ను నిషేధించింది, దశాబ్దాల తర్వాత కూడా అక్కడి భూగర్భజలంలో దాని ఆనవాళ్లు దొరికాయి. అందాకా యాక్టివేటెడ్ కార్బన్ ఫిల్టరో ఆర్‌ఓనో పెట్టుకోక తప్పదు. కార్బన్ నిండిపోయినా నీళ్లు మామూలుగానే వస్తాయి, కాబట్టి ఫిల్టరు తర్వాతి నీటినీ పరీక్షించాలి.

ఇంటి పునాదికి పోసిన చెదల మందు, ఎప్పుడో పాతిపెట్టిన పాత డబ్బాలు, గాలికి కొట్టుకొచ్చిన తుంపర కూడా కారణాలే, అరుదు. పైవన్నీ చూశాక వాటి సంగతి చూడండి.

బాగుచేశాక ఒక్క పరీక్షతో ఆ నీళ్లు మళ్లీ తాగకండి. నీరు తోడి పారబోశాక ఒకటి, మొదటి పెద్ద వాన తర్వాత ఒకటి, వచ్చే పిచికారీల సమయంలో ఒకటి చేయించండి. మూడూ ఒకే ల్యాబ్‌లో, మోటారు వేసిన తర్వాత అంతే సమయానికి నింపిన సీసాలతో.