ఫోన్ వీడియోతో మ్యాచ్ మూవింగ్: ఏ సెట్టింగులు లాక్ చేయాలి, ఫోకల్ లెంగ్త్ ఎలా కొలవాలి

తీసిన వీడియోలో కెమెరా కదలికను లెక్కగట్టి, కంప్యూటర్‌లో చేసిన 3డి వస్తువులను అందులో సరిగ్గా అమర్చడమే మ్యాచ్ మూవింగ్. షాట్‌లో కెమెరా ఎలా కదిలిందో లెక్కగట్టేటప్పుడు ట్రాకింగ్ సాఫ్ట్‌వేర్ ఒక్క విషయాన్ని గట్టిగా నమ్ముతుంది: మొదటి ఫ్రేము నుంచి చివరి ఫ్రేము దాకా లెన్స్ ఒకటే, అది చూసే కోణం ఒకటే. ఆటోలో నడిచే ఫోన్లు, చిన్న కెమెరాలు ఈ నమ్మకాన్నే దెబ్బతీస్తాయి. అందుకే రికార్డ్ నొక్కకముందే ఆటో అన్నదల్లా ఆపేయాలి.

అన్నిటికంటే ముందు స్టెబిలైజేషన్. ఎలక్ట్రానిక్ స్టెబిలైజేషన్ ప్రతి ఫ్రేమునూ వేరువేరుగా జరిపి, వంచి, అంచులు కత్తిరిస్తుంది. దాంతో లెన్స్ కేంద్రం ఫ్రేముఫ్రేముకూ చోటు మారుతుంది, ఆ కదలికను సాఫ్ట్‌వేర్ కెమెరా కదలికగా పొరబడుతుంది. ఆప్టికల్ స్టెబిలైజేషన్‌లో లెన్సో సెన్సారో భౌతికంగా జరుగుతుంది కాబట్టి నష్టం తక్కువే, కానీ ఉంటుంది. ఆపే వీలుంటే దాన్నీ ఆపండి. చిత్రం వణికినా ఫర్వాలేదు, ట్రాకింగ్ పూర్తయ్యాక వణుకు తీసేయొచ్చు.

తర్వాత జూమ్ ముట్టుకోకండి. రెండు మూడు లెన్సులున్న ఫోన్లు వెలుతురు తగ్గినా, వస్తువు దగ్గరైనా షాట్ మధ్యలో లెన్స్ మార్చేస్తాయి. మాన్యువల్ నియంత్రణ ఉన్న యాప్‌లో ఒకే లెన్స్ ఎంచుకోండి. ఫోకస్ కూడా లాక్ చేయాలి. ఫోకస్ దూరం మారితే చాలా లెన్సుల్లో చూపు కోణమూ కొద్దిగా మారుతుంది. ఎక్స్‌పోజర్, వైట్ బ్యాలెన్స్ కదిలితే లెక్క చెడదు గానీ, ట్రాకర్ (ఫ్రేముఫ్రేముకూ ఒక మచ్చను వెంబడించే గుర్తు) పట్టుకున్న మచ్చ రంగు మారి చేజారుతుంది.

షటర్ విషయంలో సినిమా పద్ధతిని, అంటే షటర్‌ను ఫ్రేము సమయంలో సగం సేపు తెరిచి ఉంచడాన్ని, పక్కన పెట్టండి. 1920 పిక్సెళ్ల వెడల్పు ఫ్రేములో 67 డిగ్రీలు కనిపిస్తున్నాయనుకుందాం. అంటే డిగ్రీకి సుమారు 29 పిక్సెళ్లు. సెకనుకు 30 డిగ్రీల చొప్పున కెమెరా తిప్పితే, 1/50 షటర్‌లో ప్రతి బిందువూ 17 పిక్సెళ్ల మేర చారలా సాగుతుంది. 1/200లో 4 పిక్సెళ్లే. ఈ రెండో చారను ట్రాకర్ పట్టుకోగలదు. మోషన్ బ్లర్ (కదలిక వల్ల వచ్చే మసక) కావాలంటే తర్వాత కాంపోజిటింగ్‌లో, అంటే చిత్రాలను కలిపే దశలో, కలుపుకోవచ్చు. అయితే షటర్ వేగం పెంచితే ఐఎస్ఓ (సెన్సార్ సున్నితత్వం) ఎక్కి నాయిస్, అంటే చుక్కల మరక, వస్తుంది, కాబట్టి వెలుతురు పెంచాలి. 50 హెర్ట్జ్ కరెంటు దీపాల కింద షటర్ 1/100 కంటే వేగమైతే ఫ్లికర్ (వెలుతురు మిణుకు) కనిపించవచ్చు.

షటర్ వేగం ఎంత పెంచినా రోలింగ్ షటర్, అంటే సెన్సార్ వరుసలను ఒకదాని తర్వాత ఒకటిగా చదవడం వల్ల వచ్చే వంపు, పోదు. సెన్సార్ పై వరుస నుంచి కింది వరుస దాకా చదవడానికి 20 మిల్లీసెకన్లు తీసుకుంటే, పైన చెప్పిన వేగంలోనే నిలువు గోడ అంచు అదే 17 పిక్సెళ్లు ఒరుగుతుంది. షూట్‌లో దీనికి తేలికైన మందు, కెమెరాను నెమ్మదిగా తిప్పడం. అదీ నిలబడ్డ చోటే తిప్పితే సరిపోదు. పక్కకు నడిస్తేనే దగ్గరివి, దూరంవి వేర్వేరు వేగంతో కదిలి లోతు తెలుస్తుంది.

ఇక ఎక్కువ మంది తప్పటడుగు వేసేది, లెన్స్ చూపు కోణాన్ని నిర్ణయించే కొలత అయిన ఫోకల్ లెంగ్త్ దగ్గరే. స్పెసిఫికేషన్లలో ఉన్న 26 మి.మీ. అంకె ఫోటోలకు చెప్పిన 35 మి.మీ. సమాన విలువ, అంటే 36 మి.మీ. వెడల్పున్న 35 మి.మీ. ఫిల్మ్ ఫ్రేముతో పోల్చి చెప్పిన అంకె. వీడియోలో సెన్సార్ కత్తిరింపు మారొచ్చు. పైగా ఆ సమానత్వాన్ని చాలాసార్లు ఫ్రేము కర్ణం (మూల నుంచి ఎదుటి మూలకు కొలత) ఆధారంగా లెక్కిస్తారు. అలా లెక్కించినప్పుడు 4:3 సెన్సార్‌కు సమాన వెడల్పు 36 కాదు, 34.6 మి.మీ. అంకెను నమ్మడం కంటే కొలవడమే మేలు.

షూట్ చేసిన మోడ్‌నే, అదే రిజల్యూషన్, అదే ఫ్రేమ్ రేట్‌లో ఉంచి, కెమెరాను గోడకు సూటిగా నిలపండి. గోడ మీద అడ్డంగా కొలత టేపు అంటించండి. లెన్స్ నుంచి గోడకు 200 సెం.మీ. దూరం ఉన్నప్పుడు ఫ్రేము ఈ చివర నుంచి ఆ చివరకు 266 సెం.మీ. కనిపించిందనుకోండి. సెన్సార్ వెడల్పు 36 అని పెట్టుకుంటే ఫోకల్ లెంగ్త్ = 36 × 200 ÷ 266, అంటే 27.07 మి.మీ. అసలు సెన్సార్ సైజు తెలియకపోయినా ఇబ్బంది లేదు, లెక్కకు కావలసింది ఫోకల్ లెంగ్త్, సెన్సార్ వెడల్పుల నిష్పత్తే. స్టెబిలైజేషన్ ఆన్ చేయగానే అదే గోడ మీద 240 సెం.మీ. మాత్రమే కనిపిస్తే ఆ విలువ 30 అవుతుంది. మూడు మిల్లీమీటర్ల తేడా చిన్నది కాదు.

పెద్ద లెన్సులో దూరాన్ని ఎక్కడి నుంచి కొలవాలన్న సందేహం వస్తుంది. అప్పుడు రెండు దూరాల దగ్గర కొలిచి, దూరాల తేడాను వెడల్పుల తేడాతో భాగించి 36తో హెచ్చించండి. లెన్స్ లోపలి బిందువు ఎక్కడున్నా అది రెండు కొలతల్లోనూ ఒకటే కాబట్టి తీసివేతలో పోతుంది. నిలువు వీడియోకైతే నిలువు ఫ్రేము వెడల్పునే కొలిచి, బ్లెండర్ (ట్రాకింగ్ సౌకర్యమున్న 3డి సాఫ్ట్‌వేర్) కెమెరాలో సెన్సార్ ఫిట్ అనే సెట్టింగును హారిజాంటల్‌గా పెట్టండి.

చాలా ఫోన్లు ఫ్రేమ్ రేట్‌ను నిలకడగా ఉంచవు. వీడియోలను మార్చే ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ సాఫ్ట్‌వేర్‌తో స్థిరమైన రేటుకు మార్చి, ఇమేజ్ సీక్వెన్స్‌గా (ఫ్రేముకొక చిత్రం చొప్పున) తీసుకుని ట్రాక్ చేయండి. ట్రాకింగ్‌కు ముందు క్రాప్ చేయకూడదు, కేంద్రం తప్పుతుంది. నిష్పత్తి చెడకుండా సైజు తగ్గిస్తే దోషం లేదు. ఫోన్ వీడియోలో రంగు వివరం సాధారణంగా సగం రిజల్యూషన్‌లోనే ఉంటుంది, కాబట్టి నీలం ఛానల్ వదిలి ఆకుపచ్చ లేదా నలుపుతెలుపు చిత్రం మీద ట్రాక్ చేయడం మంచిది.

బ్లెండర్‌లో లెక్క మొదలుపెట్టడానికి ఎంచుకునే రెండు కీఫ్రేములకూ ఉమ్మడిగా కనీసం 8 ట్రాకులు కావాలి. అవి దగ్గరా దూరం, మధ్యా మూలలా పరుచుకుని ఉండాలి. కొలిచిన ఫోకల్ లెంగ్త్‌ను అలాగే ఉంచి, ముందు డిస్టార్షన్ (లెన్స్ వంపు) విలువలను మాత్రమే సాఫ్ట్‌వేర్‌ను సరిదిద్దుకోనివ్వండి (రిఫైన్). లెక్క తర్వాత సాఫ్ట్‌వేర్ చూపే ఎర్రర్ (సగటు తేడా) 0.5 పిక్సెల్ కంటే తగ్గినా సంబరపడకండి, ఫోకల్ లెంగ్త్ తప్పైనా అంకె బాగానే రావచ్చు. వీడియోలోని గది మూలలో ఒక 3డి ఘనం ఉంచి చూడండి. దాని అంచులు గోడలతో, నేలతో ఒకేసారి కలవకపోయినా, కెమెరా పక్కకు వెళ్లేకొద్దీ అది నేల మీద జారినా, మళ్లీ టేపు దగ్గరికి వెళ్లాల్సిందే.