పాస్‌వర్డ్ కరెక్టే, లాగిన్ మాత్రం కావట్లేదు: పాస్‌లిబ్ క్రిప్ట్‌కాంటెక్స్ట్ సమస్యలు, పరిష్కారాలు

హ్యాష్ అంటే ఏమిటి, సాల్ట్ ఎందుకు అన్నవి ఇక్కడ చెప్పను. పైతాన్‌లో ఒక్కసారైనా లాగిన్ రాసినవాళ్లకి అవి తెలిసే ఉంటాయి. పాస్‌వర్డ్‌లని హ్యాష్ చేసి, సరిచూసే పైతాన్ లైబ్రరీ పాస్‌లిబ్. దాని 1.7.4 వెర్షన్ వచ్చింది 2020 అక్టోబర్‌లో. నా చేతికొచ్చే ప్రాజెక్టుల్లో ఇప్పటికీ అదే నడుస్తోంది. అందులో క్రిప్ట్‌కాంటెక్స్ట్ అని ఒక క్లాస్ ఉంది. ఏయే స్కీమ్‌లని (హ్యాష్ చేసే పద్ధతులని) ఒప్పుకోవాలి, కొత్త పాస్‌వర్డ్‌కి ఏది వాడాలి, ఏది పాతబడినట్టు లెక్క, హ్యాష్ లెక్కని ఎన్ని రౌండ్లు తిప్పాలి, ఈ పాలసీ అంతా దానికే అప్పజెప్తాం. అది చెడిపోయినప్పుడు ఏం చేయాలన్నదే ఈ గైడ్.

ముందు ఆ రో తెరిచి చూడండి

ఏ సమస్యకైనా మొదటి మెట్టు ఇదే. ఎవరూ చేయనిది కూడా ఇదే. కోడ్ గంటలకొద్దీ చదువుతారు, లైబ్రరీని మూడుసార్లు తీసి మళ్లీ ఇన్‌స్టాల్ చేస్తారు, డేటాబేస్‌లో ఆ యూజర్ రోలో పాస్‌వర్డ్ కాలమ్‌లో ఏముందో మాత్రం చూడరు. "అది కరెక్ట్‌గానే ఉంటుంది సార్" అంటారు. ఉంటుంది అనడం వేరు, చూశాను అనడం వేరు.

చూడాల్సినవి మూడే. అసలు ఏమైనా ఉందా, ఖాళీగా ఉందా? ఎన్ని అక్షరాలుంది? ఎలా మొదలైంది? పాస్‌లిబ్ ఇచ్చే బీక్రిప్ట్ హ్యాష్ అయితే కచ్చితంగా 60 అక్షరాలు ఉండాలి, డాలర్ గుర్తు, 2బి, మళ్లీ డాలర్, తర్వాత రౌండ్ల సంఖ్య ఉండాలి. పాస్‌లిబ్ తన సొంత సెట్టింగులతో ఇచ్చే పీబీకేడీఎఫ్2-ఎస్‌హెచ్‌ఏ256 అయితే 87, ఎస్‌హెచ్‌ఏ512-క్రిప్ట్ అయితే 120. ఆర్గాన్2ది సెట్టింగులని బట్టి మారుతుంది, వంద దగ్గర ఉంటుంది. ఈ అంకెలు ఒక కాగితం మీద రాసి మానిటర్‌కి అంటించుకున్నా తప్పులేదు, నేను అంటించుకున్నాను.

లక్షణం: హ్యాష్‌ని గుర్తుపట్టలేకపోయానని ఎర్రర్

ఇందులో పెద్ద కథేం లేదు. కారణాలు మూడు. ఒకటి, పాస్‌వర్డ్‌ని సరిచూసే ‘వెరిఫై’ ఫంక్షన్‌కి ఇచ్చే రెండు విలువలు తారుమారయ్యాయి. పాస్‌వర్డ్ ముందు, హ్యాష్ తర్వాత. తిప్పి ఇస్తే యూజర్ టైప్ చేసిన మాటని హ్యాష్ అనుకుని చూస్తుంది, గుర్తుపట్టదు. రెండు, పాత సిస్టమ్ నుంచి తెచ్చిన డేటాలో పాస్‌వర్డ్‌లు హ్యాష్ కాకుండా అలాగే ఉన్నాయి. మూడు, ఎవరో పుణ్యాత్ముడు "ఈపాటికి అందరూ కొత్త స్కీమ్‌కి మారిపోయుంటారు" అని జాబితాలోంచి పాత స్కీమ్ తీసేశాడు. అందరూ మారరు. రెండేళ్లుగా లాగిన్ కాని యూజర్ హ్యాష్ రెండేళ్ల కిందట ఎలా ఉందో అలాగే ఉంటుంది. పాత స్కీమ్‌ని జాబితాలో ఉంచి, ‘డిప్రికేటెడ్’ దగ్గర ‘ఆటో’ పెట్టండి. డిఫాల్ట్ తప్ప మిగతావన్నీ పాతవిగా లెక్కేసుకుంటుంది, కానీ సరిచూడటం మానదు.

గుర్తుపట్టింది గానీ ఆకారం సరిగా లేదని అరుస్తోందా? కాలమ్ సైజు చూడండి. బీక్రిప్ట్ కోసం 60 అక్షరాలకి కట్టిన కాలమ్‌లో ఆర్గాన్2 హ్యాష్ పట్టదు. పోస్ట్‌గ్రెస్ అయితే అక్కడే ఎర్రర్ ఇస్తుంది. స్ట్రిక్ట్ మోడ్ తీసేసిన పాత మైఎస్‌క్యూఎల్ అయితే తోక కోసేసి ఊరుకుంటుంది. కాలమ్‌ని 255 చేసి, కోత పడ్డవాళ్ల చేత పాస్‌వర్డ్ రీసెట్ చేయించాల్సిందే. కోసేసిన తోక తిరిగి రాదు.

లక్షణం: నిన్నటిదాకా బాగుంది, సర్వర్‌లో ప్యాకేజీలు అప్‌డేట్ చేశాక పోయింది

పాస్‌లిబ్ లోపల వాడుకునే బీక్రిప్ట్ లైబ్రరీ వెర్షన్ చూడండి. 4.1 గానీ ఆ తర్వాతది గానీ అయితే, బీక్రిప్ట్ వెర్షన్ చదవలేకపోయానని లాగ్‌లో పెద్ద ట్రేస్ వస్తుంది. అది చూసి టెన్షన్ పడొద్దు, అది వార్నింగ్ మాత్రమే, లాగిన్లు నడుస్తాయి. 5.0 మాత్రం అలా కాదు. పాస్‌వర్డ్ 72 బైట్లు దాటకూడదని ఎర్రర్ వచ్చి అక్కడే ఆగిపోతుంది. యూజర్ పాస్‌వర్డ్ చూస్తే ఎనిమిది అక్షరాలే! ఇక్కడే అందరూ బోల్తా పడతారు. పాస్‌వర్డ్‌ని 72 దగ్గర కోసి పంపే కోడ్ రాస్తారు, అదే ఎర్రర్ మళ్లీ వస్తుంది. ఎందుకంటే ఆ పొడుగు పాస్‌వర్డ్ మీ యూజర్‌ది కాదు, పాస్‌లిబ్‌దే. బీక్రిప్ట్‌ని మొదటిసారి తెరిచేటప్పుడు, అందులో ఒక పాత లోపం ఉందేమో అని పాస్‌లిబ్ తనే 255 బైట్ల పాస్‌వర్డ్‌తో పరీక్ష పెడుతుంది. ఇంతకుముందు బీక్రిప్ట్ 72 తర్వాతది చప్పుడు లేకుండా వదిలేసేది, 5.0 నుంచి ఒప్పుకోవడం మానేసింది. బీక్రిప్ట్‌ని 4.0.1 దగ్గర కట్టేయండి. రిక్వైర్‌మెంట్స్ ఫైల్‌లో వెర్షన్ రాయకుండా వదిలేసిందెవరో ఈలోపు కనుక్కోవచ్చు.

72 బైట్ల మాట వచ్చింది కాబట్టి మనవాళ్లకి ఒక ముక్క. తెలుగులో ఒక్కో యూనికోడ్ గుర్తుకి 3 బైట్లు. ‘తెలుగు’ అన్న మాట 18 బైట్లు. ‘స్త్రీ’ కంటికి ఒక్క అక్షరమే, లోపల ఆరు గుర్తులు, అదీ 18 బైట్లే. అలాంటివి నాలుగు కొడితే 72 నిండిపోతుంది, ఆ తర్వాత యూజర్ ఏం కొట్టినా పాత బీక్రిప్ట్ పట్టించుకోదు. తెలుగులో పొడవాటి వాక్యం పాస్‌వర్డ్‌గా పెట్టుకునేవాళ్లు మీ యాప్‌లో ఉంటే, కోసేయకుండా ఎర్రర్ ఇచ్చే ‘ట్రంకేట్ ఎర్రర్’ ఆన్ చేయండి, లేదా ముందు ఎస్‌హెచ్‌ఏ256 పట్టించి తర్వాత బీక్రిప్ట్ చేసే స్కీమ్ వాడండి.

లక్షణం: ఒకసారి లాగిన్ అవుతుంది, మళ్లీ వస్తే పాస్‌వర్డ్ తప్పంటుంది

అసలు ఈ గైడ్ రాస్తున్నదే దీనికోసం. దీని చేతిలో నేను మూడు వారాలు కాలిపోయాను.

ఒక చిన్న సంస్థకి సభ్యుల యాప్ చేశాం. ఒక పెద్దావిడ ఫోన్: "బాబూ, మొన్న ఇదే పాస్‌వర్డ్‌తో లోపలికెళ్లాను, ఇవాళ తప్పంటోంది." మా సపోర్ట్ కుర్రాడు మామూలుగానే, "క్యాప్స్ లాక్ చూసుకోండమ్మా, లేకపోతే రీసెట్ చేసుకోండి" అన్నాడు. ఆవిడ రీసెట్ చేసుకుంది, లాగిన్ అయింది, సమస్య తీరిందని టికెట్ మూసేశాడు. నెల తర్వాత ఆవిడే మళ్లీ ఫోన్. ఈలోపు అలాంటి ఫోన్లు ఇంకో నాలుగు. లాగ్‌లో ఒక్క ఎర్రర్ లేదు. "పాస్‌వర్డ్ తప్పు" అన్న లైన్ తప్ప ఏమీ లేదు. పెద్దవాళ్లు మర్చిపోతున్నారులే అనుకున్నాం. ఆ అనుకోవడానికి నేనిప్పటికీ సిగ్గుపడతాను.

చివరికి ఒక రాత్రి ఆవిడ రో తెరిచాను. పాస్‌వర్డ్ కాలమ్‌లో నల్. హ్యాష్ తప్పుగా ఉండటం కాదు, అసలు హ్యాషే లేదు.

జరిగిందేమిటంటే, మా లాగిన్ కోడ్ ‘వెరిఫై అండ్ అప్‌డేట్’ని పిలుస్తోంది. మంచి పనే. అది రెండు విలువలు తిరిగిస్తుంది. మొదటిది పాస్‌వర్డ్ సరిపోయిందా లేదా. రెండోది, హ్యాష్ పాతబడి ఉంటే దాని బదులు దాచుకోవాల్సిన కొత్త హ్యాష్. హ్యాష్ పాతబడకపోతే ఆ రెండో విలువ ‘నన్’. అంటే "మార్చాల్సిందేమీ లేదు" అని అర్థం. మావాడు రాసిన కోడ్‌లో సరిపోయిందా అని చూసి, సరిపోతే రెండో విలువని నేరుగా యూజర్ రోలో పెట్టి సేవ్ చేశాడు. అది ‘నన్’ కాదుగదా అని చూడలేదు. దాంతో సరైన పాస్‌వర్డ్‌తో లాగిన్ అయిన ప్రతివాళ్ల హ్యాష్‌నీ మేమే చెరిపేశాం.

మరి రెండోసారి ఎర్రర్ ఎందుకు రాలేదు? పాస్‌లిబ్ చేసిన మర్యాద అది. ఆ పేరుతో యూజరే లేనప్పుడు హ్యాష్ బదులు ‘నన్’ ఇవ్వొచ్చని 1.7లో సౌకర్యం ఉంది. అలా ఇస్తే ఉత్తుత్తి లెక్క ఒకటి చేసి, మామూలుగా పట్టేంత టైమ్ తీసుకుని, ‘సరిపోలేదు’ అని చెప్తుంది. ఫలానా పేరుతో ఖాతా ఉందో లేదో బయటివాడు టైమ్‌ని బట్టి కనిపెట్టకుండా చేసిన ఏర్పాటు అది. మంచి ఏర్పాటే, మా తప్పుని కూడా అంతే చక్కగా దాచింది.

కాలమ్‌లో నల్ ఎలా పట్టిందంటారా? గూగుల్ ఖాతాతో వచ్చేవాళ్లకి పాస్‌వర్డ్ ఉండదు కాబట్టి, నల్ పెట్టొచ్చని కాలమ్‌ని వదిలేశాం. సెషన్ గడువు 30 రోజులు. హ్యాష్ పోయినా నెలదాకా ఎవరికీ తెలియదు. ఇంకో తమాషా, పాత స్కీమ్ హ్యాష్ ఉన్నవాళ్లకి రెండుసార్లు లాగిన్ అయి మూడోసారి పోతుంది. మొదటిసారి నిజంగానే కొత్త హ్యాష్ వస్తుంది, అది సేవ్ అవుతుంది. రెండోసారి ‘నన్’. మూడోసారి బయటే. కొత్తవాళ్లకి రెండోసారే పోతోంది, పాతవాళ్లకి మూడోసారి. ఈ తేడా వల్ల మేం సాఫ్ట్‌వేర్ తప్ప మిగతా అందరినీ అనుమానించాం.

పరిష్కారం కోడ్‌లో ఒక్క లైను: రెండో విలువ ‘నన్’ కాకపోతేనే సేవ్ చేయండి. కానీ అక్కడితో ఆగొద్దు.

పోయిన హ్యాష్‌లు లెక్కపెట్టండి. పాస్‌వర్డ్ నల్‌గా ఉండి, గూగుల్ లింక్ కూడా లేని రోలు ఎన్నో చూడండి. బ్యాకప్ ఉంటే ఆ హ్యాష్‌లు వెనక్కి తేవచ్చు, వాళ్ల పాస్‌వర్డ్ మారలేదు కాబట్టి పాత హ్యాష్ పనిచేస్తుంది. కానీ ఇప్పుడు నల్‌గా ఉన్న రోల్లో మాత్రమే పెట్టండి. ఈలోపు రీసెట్ చేసుకున్నవాళ్ల మీద పాతది రుద్దితే ఇంకో విడత ఫోన్లు మొదలవుతాయి. మేం కోడ్ సరిచేయకముందే బ్యాకప్ ఎక్కించాం. ఆ సాయంత్రానికి మళ్లీ సగం చెరిగిపోయాయి. ముందు కోడ్, తర్వాత బ్యాకప్.

డేటాబేస్‌లో ఒక నిబంధన పెట్టండి: పాస్‌వర్డ్ గానీ గూగుల్ లింక్ గానీ, రెంటిలో ఒకటైనా ఉండి తీరాలి. ఆ నిబంధన మొదటి నుంచీ ఉంటే మొదటి లాగిన్‌లోనే ఎర్రర్ వచ్చేది, మూడు వారాలు మిగిలేవి.

టెస్టులు పచ్చగానే ఉన్నాయి కదా అనకండి. మా టెస్టు యూజర్‌ని తయారుచేసి ఒక్కసారి లాగిన్ చేసి సంతోషపడేది. అదే యూజర్‌తో వరసగా మూడుసార్లు లాగిన్ చేయండి. ఒకసారి కొత్త స్కీమ్ హ్యాష్‌తో, ఒకసారి పాత స్కీమ్ హ్యాష్‌తో.

ఇదే ఫంక్షన్‌తో ఇంతకంటే ఘోరం ఇంకొకటి ఉంది. వచ్చిన జంటని విడదీయకుండా నేరుగా ‘ఇఫ్’లో పెడితే, పైతాన్‌లో ఖాళీ కాని టపుల్ ఎప్పుడూ నిజమే కాబట్టి, ఏ పాస్‌వర్డ్ కొట్టినా లోపలికి రానిస్తుంది. ఇది వేరేవాళ్ల కోడ్ రివ్యూలో కళ్లారా చూశాను. లాగిన్ ఎవరికీ ఆగట్లేదు కాబట్టి ఫిర్యాదులు కూడా రావు. ఇప్పుడే మీ కోడ్‌లో వెతకండి, మిగతాది తర్వాత చదవొచ్చు.

అందుకే నేనిప్పుడు ఆ ఫంక్షన్‌ని ప్రాజెక్టులో ఒక్కచోటే పిలుస్తాను. దాని చుట్టూ చిన్న ఫంక్షన్ రాసి, సేవ్ చేసే పని కూడా అందులోనే పెట్టి, బయటికి అవును, కాదు మాత్రమే పంపిస్తాను. దాని డాక్‌స్ట్రింగ్‌లో, అంటే ఫంక్షన్ లోపల రాసే వివరణలో, "పాస్‌వర్డ్‌ని సరిచూస్తుంది" అని రాసి వదిలేయను. ఆ సంగతి పేరే చెప్తోంది. రాయాల్సింది పేరు చెప్పనివి: రెండో విలువ ‘నన్’ అయితే పాతది అలాగే ఉంచాలి, హ్యాష్ నల్ అయితే ఎర్రర్ రాదు, ‘కాదు’ అని వస్తుంది, జాబితాలో ఫలానా పాత స్కీమ్ ఫలానా కారణంతో ఉంది, తీయొద్దు.

లక్షణం: రౌండ్లు పెంచాను, పాత యూజర్ల హ్యాష్‌లు మారట్లేదు

‘డిఫాల్ట్ రౌండ్స్’ ఒక్కటే పెంచి ఉంటారు. అది కొత్త హ్యాష్‌లకి మాత్రమే. పాతది పాతబడిందని చెప్పాలంటే ‘మిన్ రౌండ్స్’ కూడా పెంచాలి, లేదా ఒట్టి ‘రౌండ్స్’ ఇస్తే డిఫాల్ట్, మిన్, మ్యాక్స్ మూడూ ఒకేసారి కుదురుతాయి. లాగిన్‌లో ‘వెరిఫై’ మాత్రమే పిలుస్తుంటే ఏది పెంచినా ఏమీ మారదు. ఇంకో మాట, బీక్రిప్ట్‌లో ఒక్క అంకె పెంచితే టైమ్ రెట్టింపవుతుంది. 12 నుంచి 15కి వెళ్లి సర్వర్ స్లో అయిందంటే, ఎనిమిది రెట్లు మీరే పెంచారు.

మిగతావి

పాత కోడ్‌లో క్రిప్ట్‌పాలసీ అని విడి క్లాస్ కనిపిస్తే, అది 1.6 నుంచే పాతబడింది. దాని పనులన్నీ క్రిప్ట్‌కాంటెక్స్ట్‌లో కలిసిపోయాయి, ఫైల్ నుంచి పాలసీ చదవడంతో సహా. పాలసీ రాసి ఉన్న ఐఎన్‌ఐ ఫైల్‌ని అలాగే ఉంచి క్లాస్ పేరు మార్చుకోండి.

పైతాన్ 3.13లో క్రిప్ట్ మాడ్యూల్ తీసేశారు. పాస్‌లిబ్ అది లేకపోయినా నడుస్తుంది, దాని మీద అనుమానం వద్దు.

తెలుగు పాస్‌వర్డ్ ఒక ఫోన్‌లో పనిచేసి ఇంకోదాంట్లో పనిచేయకపోతే, ఐత్వం ఒకచోట ఒకే గుర్తుగా, ఇంకోచోట రెండు గుర్తులుగా వస్తుండొచ్చు. హ్యాష్ చేసే ముందు, సరిచూసే ముందు రెండుచోట్లా యూనికోడ్ నార్మలైజ్ చేయండి, అంటే గుర్తులని ఒకే రూపానికి తెండి. నాకు ఇన్నేళ్లలో ఒక్కసారే తగిలింది.