ఒక్క సమీకరణంతో కూజా: కోడ్ రాసి త్రీడీ మోడల్ చేయడం

కుమ్మరి సారె మీద లేచిన కుండను ఏ ఎత్తులో అడ్డంగా కోసినా గుండ్రంగానే ఉంటుంది. దాని వ్యాసార్ధం ఎత్తును బట్టే మారుతుంది, కోణంతో పని లేదు. ఆ కోణాన్ని కూడా లెక్కలోకి తెస్తే సారె ఇవ్వలేని ఆకారం వస్తుంది: గుమ్మడికాయ మీద ఉన్నట్టు ఆరు మిట్టలు, పైకి వెళ్లేకొద్దీ మెలి తిరుగుతూ. ఇక్కడ చేయబోయేది 120 మిల్లీమీటర్ల ఎత్తున్న అలాంటి కూజానే.

కోడ్ రాసి త్రీడీ ఆకారాలు చేసే, ఉచితంగా దొరికే ఓపెన్‌స్కాడ్ సాఫ్ట్‌వేర్ సరిపోతుంది. సమీకరణం ఇది:

వ్యాసార్ధం = 32 + 8 × సైన్(1.5 × ఎత్తు) + 3 × సైన్(6 × కోణం + 3 × ఎత్తు)

32 మొదటి వ్యాసార్ధం. 8 నడుము దగ్గర ఉబ్బు. ఎత్తు 60 దగ్గర 1.5 × 60 = 90 డిగ్రీలు కాబట్టి ఉబ్బు అక్కడే గరిష్ఠం. చివరి పదంలో 3 మిట్టల ఎత్తు, 6 వాటి సంఖ్య. ఎత్తును గుణించే 3 మెలికను నిర్ణయిస్తుంది: అడుగు నుంచి అంచుకు చేరేసరికి మిట్ట సరిగ్గా 60 డిగ్రీలు, అంటే ఒక మిట్ట వెడల్పంత పక్కకు జరుగుతుంది. ఈ అంకెలతో గోడ వాలు నిలువు నుంచి 20 డిగ్రీలు దాటదు, అందుకే త్రీడీ ప్రింట్ చేసేటప్పుడు కింద ఆసరాగా వేసే సపోర్టులు అక్కర్లేదు. అంకెలు మార్చేటప్పుడు వాలు 45 డిగ్రీల లోపు ఉండేలా చూసుకోండి.

ఓపెన్‌స్కాడ్‌లో సైన్, కాస్‌లు డిగ్రీలనే తీసుకుంటాయి. పైథాన్ భాషలో రేడియన్లు (కోణానికి మరో కొలత) ఇవ్వాలి. పైథాన్‌లో చేస్తూ డిగ్రీలే ఇచ్చేస్తే కూజా బదులు నలిపిన కాగితం ముద్ద కనిపిస్తుంది.

ఇప్పుడు బిందువులు. ఎత్తులో 2 మిల్లీమీటర్లకు ఒకటి చొప్పున 61 వలయాలు, ఒక్కో వలయంలో 144 బిందువులు. 144 ఎందుకంటే, 72 పెడితే మిట్టల కొన దగ్గర అసలు వంపుకూ, బిందువులను కలిపే గీతకూ తేడా సుమారు 0.14 మిల్లీమీటర్లు ఉంటుంది, వేలికి పలకల్లా తగులుతుంది. 144తో అది 0.035కు తగ్గుతుంది. ఇంకా పెంచితే ఫైల్ బరువెక్కడమే తప్ప ప్రింట్‌లో తేడా ఉండదు. ఎక్స్ అంటే వ్యాసార్ధం × కాస్(కోణం), వై అంటే వ్యాసార్ధం × సైన్(కోణం). కోణం 0 నుంచి 357.5 వరకే తీసుకోండి. 360 కూడా కలిపితే 0 దగ్గరి బిందువే రెండోసారి వచ్చి అక్కడ కుట్టు విడిపోతుంది. పక్కపక్క బిందువులు నాలుగు కలిస్తే ఒక గడి. వలయంలో చివరి గడిని మొదటిదానితో కలపడానికి బిందువు సంఖ్యను 144తో భాగించిన శేషం వాడాలి.

తప్పులు ఎక్కువగా జరిగేది ముఖాల దగ్గరే, అంటే బిందువులను కలిపి గోడను కప్పే పలకల దగ్గర. మెలి తిరిగిన గోడ మీద నాలుగు బిందువులు ఒకే తలంలో ఉండవు, కాబట్టి ప్రతి గడినీ రెండు త్రిభుజాలుగా కోయాలి. బయట నుంచి చూస్తే కింద ఎడమ మూల అ, కింద కుడి ఆ, పైన ఎడమ ఇ, పైన కుడి ఈ అనుకోండి. త్రిభుజాలు అ-ఇ-ఈ, అ-ఈ-ఆ. బిందువులు, ముఖాల నుంచి ఆకారం కట్టే ఓపెన్‌స్కాడ్ ఆదేశం పాలీహెడ్రన్. దానికి ముఖాలు బయట నుంచి చూస్తే గడియారం దిశలోనే ఉండాలి. అడుగుకూ పైకప్పుకూ మధ్యలో ఒక్కో బిందువు పెట్టి విసనకర్రలా త్రిభుజాలు వేయండి. అడుగున కేంద్రం, తర్వాత అ, ఆ. పైన ఆ వరుస తిరగబడుతుంది: కేంద్రం, ఈ, ఇ.

ప్రింట్‌కు ముందు ఆయిలర్ సూత్రంతో సరిచూడండి: బిందువులు − అంచులు (త్రిభుజాల భుజాలు) + ముఖాలు = 2. ఇక్కడ 8786 − 26352 + 17568 = 2. వేరే అంకె వస్తే ఎక్కడో రంధ్రమో, రెండుసార్లు వచ్చిన బిందువో ఉన్నట్టే. దిశ తప్పిన ముఖాలను ఈ లెక్క పట్టుకోదు. వాటికోసం ఎఫ్12 నొక్కితే అవి గులాబీ రంగులో కనిపిస్తాయి. ఇంకో మాట: పాలీహెడ్రన్ ఒక్కటే ఉంటే ఎఫ్6 (పూర్తి రెండర్) చాలాసార్లు తప్పును బయటపెట్టదు. పక్కన చిన్న క్యూబ్ పెట్టి రెంటినీ యూనియన్ చేసి, అంటే ఒకే ఆకారంగా కలిపి చూడండి, అప్పుడు తెలుస్తుంది.

లోపల బోలు కావాలంటే వ్యాసార్ధంలో 2 తగ్గించి, ఎత్తు 2 నుంచి 121 వరకు రెండో ఆకారం చేసి, మొదటిదానిలోంచి తీసేయండి. లోపలిది కూడా సరిగ్గా 120 దగ్గరే ఆగితే మూతి మీద మందమే లేని పొర మిగులుతుంది. మిట్టల పక్కవాలు మీద అసలు మందం సుమారు 1.65 నుంచి 1.8 మిల్లీమీటర్లే వస్తుంది, ఎందుకంటే మనం తగ్గించింది కేంద్రం వైపు, గోడకు లంబంగా కాదు.

పిడి జోడించాలనుకుంటే దాన్ని గోడలోకి కనీసం 0.1 మిల్లీమీటర్ దిగేలా పెట్టండి. కొండపల్లిలో బొమ్మల అవయవాలను విడివిడిగా చెక్కి, చింతపిక్కల పొడి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతికిస్తారు. ఇక్కడ ఆ మక్కు లేదు. రెండు ఆకారాలు అంచుకు అంచు తాకితే కలిసినట్టు కాదు.

ప్రింట్‌కు పంపే ఎస్టీఎల్ ఫైల్‌లో కొలత ప్రమాణం ఉండదు. మోడల్‌ను పొరలుగా కోసి ప్రింటర్‌కిచ్చే స్లైసర్ సాఫ్ట్‌వేర్ అంకెలను మిల్లీమీటర్లుగానే చదువుతుంది, కాబట్టి బ్లెండర్ అనే త్రీడీ సాఫ్ట్‌వేర్‌లో మీటర్లలో చేసిన కూజా ఇసుక రేణువంత వస్తుంది.

ఇక బెజవాడ సంగతి. ప్రింట్‌కు వాడే ప్లాస్టిక్ పీఎల్ఏ సుమారు 60 డిగ్రీల సెల్సియస్ దగ్గర మెత్తబడుతుంది. మే నెల మధ్యాహ్నం ఎండలో ఆపిన కారులో డ్యాష్‌బోర్డు వేడి దాన్ని దాటేయగలదు. అలాంటి చోట పెట్టేట్టయితే పీఈటీజీ అనే ప్లాస్టిక్ వాడండి, అది 80 దాకా ఓర్చుకుంటుంది. వానాకాలంలో ఫిలమెంట్ (ప్రింటర్‌లో వేసే ప్లాస్టిక్ తీగ) చెమ్మ పట్టి, ప్లాస్టిక్ కరిగి బయటికొచ్చే నాజిల్ దగ్గర చిటపటమంటుంది, గోడ మీద సన్నటి దారాలు సాగుతాయి. చుట్టను సిలికా జెల్‌తో గాలి చొరని డబ్బాలో ఉంచండి.